ట్రాక్ కోసం కారు బరువు తగ్గించే ముందు

విజయనగరం నుంచి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు 800 కిలోమీటర్ల పైమాటే. అదే కారులో వెళ్లి రావాలి కాబట్టి, ఏది తీయాలో స్పానర్ పట్టకముందే తేల్చుకోండి.

ముందు కాటా. లారీలు తూచే వేబ్రిడ్జి మీద తూయించి, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో రాసుకోండి. లీటరు దాదాపు ముప్పావు కిలో, రాసుకోకపోతే లెక్క తప్పుతుంది. ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూస్తే ఇంకా మంచిది. స్టెప్నీ, వెనక సీటు తీస్తే బరువంతా వెనకే తగ్గుతుంది. గట్టిగా బ్రేక్ తొక్కితే వెనక భాగం జారిపోవచ్చు. నన్నడిగితే మొదట ఖాళీ చేయాల్సింది డిక్కీలో పేరుకున్న సామాను.

సీట్ల దగ్గర తొందర వద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. సీటు కింది పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ లైటు వాటికి పెట్టొద్దు.

- డోర్లలోని ఇనుప కడ్డీలు, సీటుబెల్టుల జోలికి పోవద్దు.
- జాకీతోపాటు టోయింగ్ హుక్ (కారును లాగే కొక్కెం) కూడా కొందరు ఇంట్లో పెట్టేస్తారు, అలా చేయొద్దు. కంకరలో దిగబడితే అదే దిక్కు.
- తీసిన బోల్టులు కవర్లలో వేసి పేర్లు రాయండి.
- కారు లోపల నేల మీద శబ్దం తగ్గించడానికి అంటించిన తారు షీట్లు గీకితే అదే రోజు ప్రైమర్ వేయండి. భీమిలి, కళింగపట్నం గాలి తగిలే మన ఊళ్లలో తుప్పుకు ఒక్క వానాకాలం చాలు.

మామూలు ఇన్సూరెన్స్ పాలసీ రేసులకు వర్తించదు. సీట్లు తగ్గితే ఆర్‌సీతో పొంతన కుదరదు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ (వాహనంలో మార్పుల గురించినది) అడ్డొస్తుంది. రోడ్డెక్కే ముందు వాటిని తిరిగి బిగించండి.