డీప్ రాక్ గెలాక్టిక్: తలో ఊళ్లో ఉండి ఆడే నలుగురికి

గుణుపురంలో ఒకరు, పర్లాకిమిడిలో ఇద్దరు, రాయగడలో ఒకరు. ఇలా చెదిరి ఉన్న జట్టు ముందు తేల్చుకోవాల్సింది హోస్ట్ ఎవరన్నది. తుపాకుల సంగతి తర్వాత. నలుగురు కలిసి గుహల్లో ఖనిజాలు తవ్వుతూ, మీద పడే పురుగులతో పోరాడే ఈ ఆటలో గది తెరిచినవారి (హోస్ట్) కంప్యూటరే పురుగులన్నిటినీ నడుపుతుంది. వారి లైను తెగితే ఆ పని ఇంకొకరికి మారదు, మిషన్ అక్కడితో పోతుంది. మిగతా ముగ్గురిలో ఎవరి నెట్ పోయినా ఫరవాలేదు, మళ్లీ వచ్చి చేరవచ్చు.

అందుకని ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారే హోస్ట్ కావాలి. లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది కదా అంటే చాలదు. గోడకున్న ఫైబర్ డబ్బా, వైఫై రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైన్లో ఉండాలి. చాలా ఇళ్లలో ఒకటి ఉంటే ఇంకొకటి ఉండదు. ఛార్జింగ్ ఆగగానే చాలా లాప్‌టాప్‌లు గ్రాఫిక్స్ వేగం తగ్గించేస్తాయి కాబట్టి సెట్టింగుల్లో ఫ్రేమ్ పరిమితి (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది) ముందే 40 దగ్గర కట్టేసి, గ్రాఫిక్స్ భారం తగ్గించే ఎఫ్ఎస్ఆర్ పెట్టుకోండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఉన్నవారు చేరవచ్చు గానీ హోస్ట్ చేయకూడదు. హోస్ట్ అప్‌లోడ్ పడిపోయిందంటే మిగతావాళ్లకు పురుగు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంది, కొట్టిన తూటా తగలదు. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం కాలబైశాఖి మబ్బు పట్టిందంటే పొడవు 1, సంక్లిష్టత 1 ఉన్న మిషన్ తీసుకోండి, గాలి ముదిరేలోపు బయటపడొచ్చు.

కొనేముందు ఒక్క మాట: స్టీమ్‌లో కొన్నవాళ్లు ఎక్స్‌బాక్స్ వాళ్లతో కలిసి ఆడలేరు. నలుగురూ ఒకేచోట కొనండి. 6 జీబీ ర్యామ్ ఉంటే ఆట నడుస్తుంది, డౌన్‌లోడ్ కూడా చిన్నదే.

ఇక గుహలో దిగాక. కొత్త జట్లు హజార్డ్ 3 అనే కష్టం స్థాయిలో ఓడిపోయేది ఎక్కువగా తూటాలు అయిపోయి. నైట్రా అనే ఖనిజం 80 ఉంటేనే తూటాలు తెచ్చే సరఫరా పాడ్ దిగుతుంది. అందుకే దిగిన మొదటి గదిలోనే, మిషన్ కోసం తవ్వాల్సిన మోర్కైట్ కన్నా ముందు, ఎర్రటి నైట్రా చారలు వెతకాలి. ఒక్కొక్కరి సంచిలో ఒక్కో ఖనిజం 40 వరకే పడుతుంది. నిండాక కూడా పికాసుతో కొడుతూ ఉంటే రాలింది నేల మీదే ఉండిపోతుంది. ఖనిజాలు మోసే రోబో మాలీని దగ్గరికి పిలిచి ఖాళీ చేసుకుంటూ ఉండండి. పాడ్‌లో నాలుగు అరలుంటాయి, ఒక్కో అర సగం తూటాలు నింపి కాస్త ప్రాణం కూడా ఇస్తుంది. నలుగురున్నప్పుడు తలా ఒకటి. రెండోది తీసుకున్నవారితో తగువు తప్పదు, అది న్యాయమే. పాడ్ దిగే గుర్తు కింద నిలబడకండి, అది మన మీద పడితే పురుగు అక్కర్లేదు.

నైట్రా ఎక్కువగా ఎత్తు గోడల మీద ఉంటుంది. ఆటలో ఎంచుకునే పాత్రలు నాలుగు: ఇంజినీర్, స్కౌట్, గన్నర్, డ్రిల్లర్. ఇక్కడే ఇంజినీరూ స్కౌటూ జతగా పనిచేయాలి. స్కౌట్ ముందు ఫ్లేర్ గన్‌తో ఆ గోడ మీద వెలుగు వేస్తారు. ఇంజినీర్ చారకు సరిగ్గా దిగువన, దాన్ని కప్పేయకుండా, ఒక్క ప్లాట్‌ఫాం కొడతారు. స్కౌట్ గ్రాపుల్ (కొక్కెం తాడు) వేసి ప్లాట్‌ఫాం మీద వాలి తవ్వుకుంటారు. ప్లాట్‌ఫాం చార మీదే పడితే ముందు దాన్ని తవ్వాలి, తవ్వగానే కాలికింద ఏమీ ఉండదు. మరీ కిందికి పడితే పికాసు అందదు. ఇంజినీర్ ఒకటి వేసి ఆగి చూడటం మంచిది, ఆ తూటాలు కూడా లెక్కలోవే.

గన్నర్ జిప్‌లైన్ (పట్టుకుని జారే తాడు) నిట్టనిలువుగా పడదు. లోయ దాటడానికి వాడండి, ఎత్తు ఎక్కడానికి డ్రిల్లర్‌ని ఏటవాలుగా సొరంగం తొలవమనండి. డ్రిల్లర్ బాంబు పెట్టేముందు గట్టిగా చెప్పాలి, అది మనవాళ్లనీ వదలదు.

గుంపు వస్తుందని హెచ్చరిక వినగానే వెన్ను గోడకు ఆనించి, ముందున్న చీకట్లోకి నాలుగైదు ఫ్లేర్లు (వెలుగు కడ్డీలు) విసరండి. పురుగులు గోడలూ పైకప్పూ పట్టుకుని వస్తాయి కనుక ఒకరి చూపు ఎప్పుడూ పైనే ఉండాలి. కప్పుకు వేలాడే కేవ్ లీచ్ అనే జీవి ఒంటరిగా ఉన్నవారిని పైకి లాగేస్తుంది, పక్కన ఎవరూ లేకపోతే విడిపించేవాళ్లుండరు. జట్టులో ఒడియా మిత్రుడుంటే ఏ భాషలో అరవాలో ముందే ఒప్పందం చేసుకోండి; “ఉపరె”, “పఛరె” అన్నా “పైన”, “వెనక” అన్నా ఒకటే, అందరూ అదే అనాలి.

ప్రెటోరియన్ అనే పెద్ద పురుగుకు ముందు భాగమంతా కవచం. తల మీద కాలుస్తూ కూర్చుంటే గన్నర్ తూటాలు సగం అక్కడే తగలబడతాయి. ఒకరు ఎదురుగా ఉండి దాని చూపు తమవైపు తిప్పుకుంటే ఇంకొకరు వెనక పొట్ట మీద కొట్టాలి. చచ్చాక విషపు పొగ వదులుతుంది, కాసేపు దూరంగా ఉండండి. దాని జాతిదే అయిన ఒప్రెసర్‌కు కూడా దెబ్బ తగిలేది వెనకే. దగ్గరికొచ్చి పేలిపోయే ఎక్స్‌ప్లోడర్లను దూరంలోనే పేల్చేయండి. అలా పేలే వాటిలో బల్క్ డిటొనేటర్ మరీ పెద్దది, ఒంటి మీద నారింజ రంగు బొబ్బలు మెరుస్తుంటాయి. వాటి మీద దూరం నుంచే గురిపెట్టండి. కూలబోతుందనగానే అందరూ పారిపోవాలి, అది చచ్చిన చోట గొయ్యి పడుతుంది.

మోర్కైట్ కోటా నిండగానే, తిరుగు ప్రయాణం మొదలుపెట్టే మాలీ బటన్ నొక్కేయాలనిపిస్తుంది. ఆగండి. సంచులన్నీ ఖాళీ చేసి, మిగిలిన నైట్రా 80 ఉంటే సరఫరా పాడ్ పిలిచి తూటాలు నింపుకుని, అప్పుడు నొక్కండి. నొక్కాక గడియారం మొదలవుతుంది, పురుగులు ఆగవు. మాలీ నిట్టనిలువు గోడలెక్కి పోతుంది, అక్కడ దాని వెంట పడకుండా మనల్ని తీసుకెళ్లే డ్రాప్ పాడ్ వైపు డ్రిల్లర్ నేరుగా తొలిచిన దారిలో వెళ్లండి. ఒక్కరు డ్రాప్ పాడ్‌లో ఉన్నా మిషన్ గెలిచినట్టే. అందుకని ముగ్గురు కూలిపోయి సమయం 30 సెకన్లే ఉంటే నాలుగో వారు లేపడానికి వెనక్కి పోకూడదు, లోపలే కూర్చోవాలి.