కొండపల్లి అడవిలో శిఖరం ఎత్తు కొలవాలంటే

కొండపల్లి కొండలెక్కి ఫోనులో ఎత్తు చూసుకునేవారు దయచేసి ముందు రైల్వే స్టేషనుకు వెళ్లండి. ఊరి పేరు రాసిన పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా ఉంటుంది. ఫోనులో బారోమీటర్ (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే సాధనం) ఉంటే, అది చూపే ఎత్తును ఆ అంకెకు అక్కడే సరిచేసి బయలుదేరండి.

దట్టమైన చెట్ల కింద ఉపగ్రహ సంకేతాలు చెదిరిపోతాయి. పైగా సముద్ర మట్టానికి సరిదిద్దని జీపీఎస్ ఎత్తు మన ప్రాంతంలో 70 మీటర్లకు పైగా తక్కువ చూపుతుంది. విజయవాడ నడిబొడ్డున నిలబడినా సున్నా కంటే కిందికి పోతుంది! గాలి పీడనానికి చెట్లు అడ్డు కావు. సుమారు 9 మీటర్లు ఎక్కితే పీడనం ఒక మిల్లీబారు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది.

అయితే వాతావరణం నిలకడగా ఉన్న రోజున కూడా పీడనం ఉదయం 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఈ ఒక్క కారణంతోనే 20, 30 మీటర్ల తప్పు రావచ్చు. అందుకే దిగాక అదే బోర్డు దగ్గర మళ్లీ చూడండి. అంకె పెరిగి ఉంటే, ఆ పెరుగుదలను గడిచిన సమయాన్ని బట్టి పంచి, శిఖరం దగ్గరి వాటాను అక్కడి ఎత్తులోంచి తీసేయండి. అన్నట్టు, అడవిలోకి వెళ్లేముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి.