హైబ్రిడ్ ప్రాసెసర్ మీద పర్ఫ్ అంకెలు రిపోర్ట్ చేసే ముందు

ఇంటెల్ 12వ తరం మెషీన్ మీద పర్ఫ్ (ప్రోగ్రామ్ పనితీరును కొలిచే లినక్స్ టూల్) స్టాట్ కమాండ్ కొట్టి, వచ్చిన సైకిల్స్ (ప్రాసెసర్ క్లాక్ టిక్కుల) అంకెను అలాగే కాపీ చేసి బగ్ రిపోర్ట్‌లో అతికించేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. 2021 చివర్లో ఆల్డర్ లేక్ (ఆ 12వ తరం పేరే) వచ్చినప్పటి నుంచి ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్, లాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి రెండు రకాల కోర్లు ఉంటున్నాయి: వేగం కోసం పీ (P) కోర్లు, కరెంటు పొదుపు కోసం ఈ (E) కోర్లు. ఇలాంటివాటినే హైబ్రిడ్ అంటారు. ఐ9-12900కే తీసుకుంటే అవి ఎనిమిది, ఇవి ఎనిమిది. పైకి అన్నీ సీపీయూలే, కానీ లోపల కౌంటర్ల యూనిట్ (పీఎమ్‌యూ) వేరు, అది లెక్కపెట్టగలిగే సంగతుల, అంటే ఈవెంట్ల జాబితా వేరు, కౌంటర్ల సంఖ్య కూడా వేరు. పీ కోర్‌లో మామూలు కౌంటర్లు 8 ఉంటే ఈ కోర్‌లో 6. అందుకే లినక్స్ వీటిని సీపీయూ కోర్, సీపీయూ యాటమ్ అని రెండు వేర్వేరు పీఎమ్‌యూలుగా చూపిస్తుంది.

ముందు మీ మెషీన్‌లో ఏ సీపీయూ నంబర్ ఏ రకమో తెలుసుకోండి. సిస్ కింద డివైసెస్‌లో (/sys/devices) ఆ రెండు పేర్లతో డైరెక్టరీలు ఉంటాయి, ఒక్కోదానిలో సీపీయూస్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని క్యాట్ చేస్తే నంబర్లు వచ్చేస్తాయి. 12900కేలో మామూలుగా 0 నుంచి 15 పీ కోర్ల థ్రెడ్లు (ఒక్కో కోర్‌కు రెండు), 16 నుంచి 23 ఈ కోర్లు. కానీ ఎవరో బయాస్‌లో ఈ కోర్లు ఆపేసి ఉండొచ్చు, కాబట్టి గుర్తున్న నంబర్లు నమ్మకుండా చూసుకోవడమే మేలు. కెర్నెల్ 5.13 కంటే పాతదైతే ఈ పని మొదలుపెట్టకండి, హైబ్రిడ్ సపోర్ట్ అందులోనే వచ్చింది. కెర్నెల్ కొత్తదై పర్ఫ్ టూల్ పాతదైనా చిక్కే.

ఇక అసలు ప్రమాదం. సైకిల్స్ అని అడిగితే పర్ఫ్ రెండు లైన్లు ఇస్తుంది, పీకి ఒకటి, ఈకి ఒకటి, చివర బ్రాకెట్లో ఒక శాతం, అంటే ఆ ఈవెంట్‌ను నిజంగా లెక్కపెట్టిన సమయం వాటా. చాలామంది ఆ శాతాన్ని పట్టించుకోకుండా రెండు అంకెలూ కూడేస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఎందుకంటే ఆ అంకె నేరుగా లెక్కపెట్టింది కాదు, అంచనా. కౌంటర్లు చాలక ఈవెంట్లు వంతులవారీగా నడిచినప్పుడు వాడటానికి పెట్టిన లెక్క ఒకటుంది: నిజంగా లెక్కపెట్టిన దాన్ని, ఈవెంట్ ఎనేబుల్ అయి ఉన్న మొత్తం సమయంతో గుణించి, నిజంగా లెక్కపెట్టిన సమయంతో భాగించడం. మామూలు ప్రాసెసర్ మీద అది సరైన అంచనానే. హైబ్రిడ్ మీద మాత్రం మీ ప్రోగ్రామ్ ఈ కోర్ మీద నడుస్తున్నంతసేపూ పీ కోర్ ఈవెంట్ ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ సమయాన్ని కూడా పర్ఫ్ అదే లెక్కలో వేసి అంకెను పెంచేస్తుంది.

ఉదాహరణకు ప్రోగ్రామ్ మొదలవుతూ పీ కోర్ మీద క్షణకాలం నడిచి 10 లక్షల సైకిల్స్ తీసుకుంది, తర్వాత మొత్తం ఈ కోర్ మీదే గడిపింది అనుకోండి. పీ వాటా 0.5 శాతమైతే తెర మీద కనిపించేది 10 లక్షలు కాదు, 20 కోట్లు. ఈ కోర్ లైన్‌లో 60 కోట్లు ఉంటే మీరు కూడి 80 కోట్లు అని రాస్తారు, నిజం మాత్రం 60 కోట్ల చుట్టుపక్కలే ఉంది. పైగా అంకె నమ్మేలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కాబట్టి శాతం లేకుండా అంకె ఎక్కడా పెట్టకండి. కామాల ఫైల్‌గా (సీఎస్‌వీ) తీసి స్క్రిప్ట్‌తో చదివేవాళ్లు మరీ జాగ్రత్త, శాతం అందులో ఒక కాలమ్‌గా వస్తుంది కానీ అందరూ మొదటి కాలమ్ లాగేసుకుని మిగతాది పారేస్తారు. నో స్కేల్ ఆప్షన్ ఇస్తే ఆ పెంపు (స్కేలింగ్) లేకుండా లెక్కపెట్టినదే వస్తుంది. అప్పుడు ఈవెంట్లు తక్కువే అడగండి, నాలుగైదుకు మించొద్దు, లేకపోతే తక్కువ అంకె కోర్ మారడం వల్ల వచ్చిందా, వంతుల వల్ల వచ్చిందా తేల్చడం ఎవరి తరమూ కాదు. మొత్తం సిస్టమ్‌ను కొలిచే -a ఆప్షన్‌తో ఈ తలనొప్పి ఉండదు, అక్కడ ప్రతి ఈవెంట్ తన కోర్ల మీద నిలకడగా ఉంటుంది. కాకపోతే బ్రౌజర్, మ్యూజిక్ ప్లేయర్, అన్నీ అందులో కలిసిపోతాయి.

అసలు ఏవి కూడొచ్చు? స్కేల్ చేయని ఇన్‌స్ట్రక్షన్ల లెక్క కూడొచ్చు, రెండు కోర్లూ అవే ఇన్‌స్ట్రక్షన్లు నడుపుతాయి. సైకిల్స్ మాత్రం కూడకండి. 12900కేలో పీ కోర్ 5.2 గిగాహెర్ట్జ్ దాకా, ఈ కోర్ 3.9 దాకా వెళ్తాయి, ఒక సైకిల్‌లో చేసే పనీ ఒకటి కాదు. అవి కూడటం రూపాయలూ డాలర్లూ కలిపి మొత్తం ఇంత అన్నట్టే. ఆ మొత్తంతో ఐపీసీ (ఒక సైకిల్‌కు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లో) తీస్తే అది ఏ కోర్‌దీ కాదు. ఎల్2 మిస్‌లకూ (ఎల్2 క్యాష్‌లో డేటా దొరకని సందర్భాలకూ) ఇదే వర్తిస్తుంది: అక్కడ ప్రతి పీ కోర్‌కూ సొంతంగా 1.25 ఎంబీ ఉంటే, నాలుగు ఈ కోర్లు కలిసి 2 ఎంబీ పంచుకుంటాయి.

అంకె బదులు అక్షరాలు వచ్చే చోట్లూ చూసుకోండి. నాట్ కౌంటెడ్ అంటే ప్రోగ్రామ్ ఆ రకం కోర్ మీద అసలు నడవలేదని, నాట్ సపోర్టెడ్ అంటే ఆ ఈవెంటే ఆ కోర్‌లో లేదని. రెండింటినీ సున్నా చేసి పట్టికలో పెట్టడం నాకు తెలిసి అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎల్1 లోడ్ మిస్‌లు ఈ కోర్‌లో సున్నా అని చదివినవాడు అబ్బో అనుకుంటాడు.

రెండు వెర్షన్లు పోల్చాలంటే టాస్క్‌సెట్‌తో (ప్రోగ్రామ్ ఏ కోర్ల మీద నడవాలో చెప్పే కమాండ్) ఒకసారి పీ మీద, ఒకసారి ఈ మీద కట్టేసి విడివిడిగా కొలవండి, తర్వాత ఏమీ కట్టకుండా మళ్లీ కొలవండి. మూడూ ఇవ్వండి. కట్టకుండా తీసినదొక్కటే ఇస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మీ కోడ్‌దా, ఏ పని ఏ కోర్‌కో తేల్చే షెడ్యూలర్‌దా ఎవరికీ తెలియదు. చాలా థ్రెడ్లు ఉన్న ప్రోగ్రామ్‌ను కట్టేస్తే దాని ప్రవర్తనే మారిపోతుంది, కాబట్టి కట్టారని కూడా రాయండి.

ఇది ఇంటెల్ గోల మాత్రమే కాదు. ఆర్మ్ 2011లోనే పెద్ద, చిన్న కోర్లు కలిపే బిగ్ లిటిల్ తెచ్చింది. ఆర్‌కే3399 బోర్డుల్లో రెండు ఏ72, నాలుగు ఏ53 కోర్లు ఉంటాయి, వాటికీ పీఎమ్‌యూలు వేరువేరే. పర్ఫ్ టూల్ కాకుండా మీ సొంత కోడ్‌లో పర్ఫ్ ఈవెంట్ ఓపెన్ సిస్టమ్ కాల్ వాడేవాళ్లు ఇంకో సంగతి చూడాలి: హైబ్రిడ్‌లో కాన్ఫిగ్ ఫీల్డ్‌లోని పై 32 బిట్లలో ఏ పీఎమ్‌యూ కావాలో దాని టైప్ నంబర్ పెట్టాలి. అక్కడ సున్నా వదిలేస్తే ఎర్రర్ ఏమీ రాదు, కెర్నెల్ ఒక పీఎమ్‌యూ ఎంచుకుంటుంది, రెండో రకం కోర్ మీద జరిగిన పని చప్పుడు లేకుండా లెక్కలోంచి పోతుంది. కాబట్టి ప్రతి ఈవెంట్‌కూ రెండు ఫైల్ డిస్క్రిప్టర్లు తెరవండి. వాటిని ఒకే గ్రూప్‌లో పెట్టకండి, పీఎమ్‌యూలు వేరైతే గ్రూప్ కుదరదు.

వర్చువల్ మెషీన్ లోపల కొలుద్దామనుకుంటే, హైబ్రిడ్ హోస్ట్ (అసలు మెషీన్) మీద కేవీఎమ్, అంటే లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే భాగం, గెస్ట్‌కు (లోపలి మెషీన్‌కు) కౌంటర్లు ఇవ్వడం ఆపేసింది. అక్కడ సమయం మాత్రమే కొలిచి, కౌంటర్ల పని హోస్ట్ మీద చూసుకోండి.