సీరియల్ పోర్టులో అక్షరం రావడం లేదా? తప్పు ఏ వైపుందో ముందు తేల్చండి

ప్రోగ్రాం తిరగరాయకండి. మైక్రోకంట్రోలర్ బోర్డు వైర్లు విప్పేసి, దాన్ని కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ-టీటీఎల్ మాడ్యూల్ మీది టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) పిన్నులను ఒక జంపర్ వైరుతో కలపండి. టెర్మినల్ ప్రోగ్రాంలో లోకల్ ఎకో (టైప్ చేసినదాన్ని తనే చూపడం) ఆపి ఏదైనా టైప్ చేయండి. అదే తిరిగొస్తే కంప్యూటర్, కేబుల్, డ్రైవర్ బాగున్నట్టే. ఇక వెతకాల్సింది వైర్లలో, బోర్డులో.

సమస్య: పోర్టే కనిపించదు
చాలాసార్లు అది చార్జింగ్ కేబుల్, అందులో డేటా తీగలుండవు, మార్చండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుంటే మాడ్యూల్ చిప్ పేరు చూసి (చవక వాటిలో తరచూ సీహెచ్340) దాని డ్రైవర్ వేయండి. ఉబుంటు 22.04లో పోర్టు వచ్చి మాయమవుతుంటే, బ్రెయిల్ డిస్‌ప్లేలను నడిపే బీఆర్ఎల్‌టీటీవై ప్రోగ్రాం ఆ చిప్‌ను పట్టేసుకుంటోంది. బ్రెయిల్ డిస్‌ప్లే వాడనివారు ఆ ప్రోగ్రాంను తీసేయవచ్చు.

సమస్య: పోర్టుంది, అక్షరాలు రావు
బోర్డు టీఎక్స్ మాడ్యూల్ ఆర్ఎక్స్‌కు, ఆర్ఎక్స్ టీఎక్స్‌కు వెళ్లాలి. గ్రౌండ్‌లు కలవాలి. వచ్చి వచ్చి ఆగుతుంటే పిన్నులు చూడండి. విశాఖలో, ముఖ్యంగా పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి తీరప్రాంతాల్లో, ఉప్పుగాలికి జంపర్ కొనలు నల్లబడతాయి, పచ్చబడతాయి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి వైరు కదపండి. బీప్ తెగితే వైరు పారేయండి. పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బోర్డులను సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో దాచడం ఇక్కడ తప్పనిసరి అనే చెప్తాం.

సమస్య: పిచ్చి అక్షరాలు
రెండు వైపులా బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు) ఒకటేనా? ఒకటే అయినా ఇలాగే వస్తే అనుమానించాల్సింది చిప్ వేగాన్ని నడిపే క్లాక్‌ను. స్టార్ట్ నుంచి స్టాప్ దాకా ఒక్కో అక్షరానికి 10 బిట్లు. క్లాక్ 5 శాతం తప్పితే చివరి బిట్ దగ్గరకొచ్చేసరికి దాదాపు అర బిట్ జరిగిపోతుంది, చదివేది పక్క బిట్. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్‌లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే లోపలి ఆసిలేటర్ 10 శాతం వరకు తప్పవచ్చు, కాబట్టి క్రిస్టల్ పెట్టడం మేలు. పైగా కొత్త చిప్‌లో సీకేడివ్8 ఫ్యూజ్ (క్లాక్‌ను 8తో భాగించే చిప్ సెట్టింగ్) వల్ల 8 మెగాహెర్ట్జ్ కాస్తా 1 అవుతుంది. 8కి లెక్కవేసి 9600 పెట్టారా? టెర్మినల్‌ను 1200కు మార్చండి. అక్షరాలు సరిగా వస్తే తప్పు ఆ ఫ్యూజ్‌దే. ఈఎస్‌పీ8266 వైఫై చిప్ మొదట్లో పంపే చెత్త మాత్రం తప్పు కాదు. ఆ బూట్ సందేశం 74880లో ఉంటుంది.

సమస్య: పాత కంప్యూటర్‌లోని 9 పిన్నుల పోర్టు
నేరుగా కలపకండి. ఆ పోర్టు వాడే ఆర్ఎస్-232 పద్ధతిలో వోల్టేజీ మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా పోవచ్చు, పైగా సిగ్నల్ తలకిందులుగా ఉంటుంది, చిప్ కాలుతుంది. మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్232 చిప్ పెట్టి, దాని చార్జ్ పంపుకు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు వేయండి. 3.3 వోల్ట్ బోర్డయితే మ్యాక్స్3232, 0.1 మైక్రోఫారడ్ చాలు.

5 వోల్ట్ టీఎక్స్‌ను ఈఎస్‌పీ32 ఆర్ఎక్స్‌కు కలపాలన్నా ఇదే జాగ్రత్త: వరుసలో 1 కిలోఓమ్ రెసిస్టర్, ఆర్ఎక్స్ నుంచి గ్రౌండ్‌కు 2 కిలోఓమ్ రెసిస్టర్. పిన్ను దగ్గర 3.3 వోల్ట్‌లు వస్తాయి.