డైవర్సిటీ ట్రైనింగ్ పెట్టే ముందు, పెట్టాక

నేను హెచ్‌ఆర్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటిసారి నడిపిన డైవర్సిటీ ట్రైనింగ్, అంటే రకరకాల నేపథ్యాల వాళ్లు వివక్ష లేకుండా కలిసి పనిచేసేలా ఉద్యోగులకిచ్చే శిక్షణ, ఇంకా కళ్లముందే ఉంది. 70 స్లయిడ్లు, మూడు గంటలు, చివర్లో క్విజ్. అందరూ పాసయ్యారు. నేను చాలా సంతోషపడ్డాను. మర్నాడు ఒక మీటింగులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక సలహా చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి అదే మాట ఒక సీనియర్ అంటే ‘భలే ఐడియా’ అన్నారు. అలా అన్నది క్విజ్‌లో పదికి పది తెచ్చుకున్న మేనేజరే. ఆ అమ్మాయి ఆ మీటింగులో మళ్లీ నోరు విప్పలేదు.

ట్రైనింగ్ దండగ అని నేననను. మనుషులు పనిచేసే తీరు మార్చగలిగితే దానికి చాలా విలువ ఉంది. అలా మార్చాలంటే స్లయిడ్ల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: వినడం.

కనీసం రెండు వారాలు కేటాయించి, ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. ‘ఇక్కడ వివక్ష ఉందా?’ అని అడిగితే ‘అబ్బే, ఏం లేదు’ అనే జవాబే వస్తుంది. నేను అడిగేది ఇది: ‘ఈ నెలలో ఏదైనా చెబుదామనుకుని ఊరుకున్న సందర్భం ఉందా?’ ఈ ప్రశ్నకు మనుషులు కాసేపు ఆలోచించి మాట్లాడతారు. అలా అడిగితేనే నాకు తెలిసింది, ఒకాయనకు ఎడమ చెవి వినపడదని. పొడవాటి టేబుల్ చివర కూర్చుని రెండేళ్లుగా సగం మాటలు ఊహించుకుంటూ నెట్టుకొస్తున్నారు. ‘ఆయన పెద్దగా కలవరు’ అని టీమంతా అనుకుంటోంది. ఇంకొకావిడ ప్రతి మీటింగుకీ మినిట్స్, అంటే అక్కడ ఏమనుకున్నారో నోట్సు, రాస్తున్నారు. రాయమని ఎవరూ ఆర్డర్ వేయలేదు, అలా అలవాటైపోయింది. రాసే మనిషికి మాట్లాడే తీరిక ఉండదు కదా. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మరొకరికి మా రిపోర్టుల్లో సగం చార్టులు అర్థమయ్యేవే కావు.

విన్నవాటిని మీ దగ్గరే ఉంచుకోండి. ట్రైనింగులో పేర్లు చెప్పకండి, ఎవరో గుర్తుపట్టేలా కథలుగానూ చెప్పకండి. ఈ విషయంలో నేనొక పెద్ద తప్పు చేశాను. వీల్‌చైర్ వాడే సహోద్యోగిని అందరి ముందూ ‘మీ అనుభవం పంచుకోండి’ అని అడిగాను. ఆయన రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, ‘మేడమ్, నేనిక్కడ అకౌంట్స్ చూడటానికి చేరాను, పాఠం అవడానికి కాదు’ అన్నారు. క్షమాపణ అడిగాను. తనంతట తాను ముందుకొస్తే తప్ప, ఎవరినీ వాళ్ల వర్గానికి ప్రతినిధిగా నిలబెట్టకండి.

తర్వాత, ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి అన్నది. చట్టప్రకారం అందరూ తెలుసుకోవాల్సిన వేధింపుల నియమాల్లాంటివి తప్పనిసరి చేయండి. మిగతాదానికి ఆహ్వానం పంపండి. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికన్ కంపెనీల సమాచారం పరిశీలించి, 2016లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. మేనేజర్లకు ట్రైనింగ్ తప్పనిసరి చేసిన కంపెనీల్లో ఐదేళ్ల తర్వాత చూస్తే, మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం తగ్గింది. ఇష్టపడి వచ్చిన చోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. బలవంతంగా కూర్చోబెడితే మనిషి మనసు తలుపేసుకుంటుంది. అందుకే నా మెయిల్‌లో ‘ఇంటర్వ్యూల్లో మంచి అభ్యర్థులను పోగొట్టుకోకుండా ఏం చేయాలో కలిసి చూద్దాం’ అని రాస్తాను. ఒక్కో బ్యాచ్‌కి 15 మందికి మించి వద్దు.

గదిలో ఉపన్యాసం తగ్గించి పని చేయించండి. నేను ముందు రెజ్యూమెలతో మొదలుపెడతాను. గదిని రెండు గుంపులు చేసి ఒకే రెజ్యూమె ఇస్తాను. ఒక గుంపుకిచ్చిన దానిలో మాత్రం పేరు మారుతుంది. మాట్లాడుకోకుండా మార్కులు వేయాలి. తర్వాత రెండు గుంపుల మార్కులూ బోర్డు మీద రాస్తాను. తేడా రాకపోయిన రోజులూ ఉన్నాయి, అప్పుడు రాలేదనే చెప్తాను. వచ్చిన రోజున మాత్రం నేను వివరించాల్సిన పని ఉండదు. దీన్నే పెద్ద ఎత్తున చేసి చూసినవాళ్లు మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్తలు. బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 రెజ్యూమెలు పంపితే, నల్లజాతివాళ్ల పేర్లనిపించే వాటికంటే తెల్లవాళ్ల పేర్లనిపించే వాటికి 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయని 2004లో ప్రచురించారు.

వెంటనే అదే గదిలో ఇంటర్వ్యూ ఫారం దిద్దిస్తాను. ప్రశ్నలు ముందే రాసుకోవాలి, అందరినీ అవే అడగాలి, అభ్యర్థి బయటికెళ్లగానే ఎవరి మార్కులు వాళ్లు వేయాలి. ‘మన టీమ్‌లో కలిసిపోతారా?’ అనే గడి కొట్టేయాలి. మనలాంటి వాళ్లనే ఎంచుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ‘ఇక ఏం మాట్లాడినా తప్పేనా?’ అని. నోరు మూయించకండి. ఆ కోపం వెనక చాలాసార్లు నిజమైన భయం ఉంటుంది. ఏ మాట గురించి టెన్షన్ పడుతున్నారో అడగండి. తప్పు దొర్లితే ఎలా దిద్దుకోవాలో అక్కడే ప్రాక్టీస్ చేయించండి: ‘సారీ, అలా అనకుండా ఉండాల్సింది’ అని ఒక్క వాక్యం చెప్పి, మళ్లీ విషయంలోకి రావడం. పది నిమిషాల సంజాయిషీ ఇస్తే, బాధపడ్డవాళ్లే ఓదార్చాల్సి వస్తుంది.

పక్కనున్నవాళ్లు అనాల్సిన మాటలు కూడా పైకి పలికించండి. ‘ఆవిడ మాట పూర్తి కాలేదు, విందాం.’ ‘ఈ ఐడియా ఇందాక ఆవిడ చెప్పిందే కదా, ఆవిడనే వివరించమందాం.’ మొదటిసారి అందరికీ మొహమాటంగా ఉంటుంది. మూడుసార్లు పలికితే నోటికి వస్తుంది. నా ట్రైనింగుల్లో బాగా నిలిచింది ఇదే. స్లయిడ్లు మర్చిపోయినవాళ్లు కూడా ఈ మాటలు వాడటం నేను విన్నాను.

చివర్లో ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారాలను నమ్ముకోకండి. ఒక అంతర్జాతీయ సంస్థలో 3,000 మందికి పైగా ఉద్యోగులతో గంటసేపు ఆన్‌లైన్ ట్రైనింగ్ చేయించి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. కొందరి అభిప్రాయాలు మారాయి గానీ, నడవడికలో మార్పు చాలా తక్కువ. కాబట్టి అభిప్రాయాలు అడగడంతో ఆగకుండా మీటింగులకు వెళ్లి కూర్చోండి. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, ఎవరి మాటకు అడ్డొచ్చారు, గీతలు పెట్టి లెక్కించండి. మినిట్స్ రాసే పని వంతులవారీగా తిరుగుతోందా చూడండి. పేరు తెచ్చే ప్రాజెక్టులు ఎవరికి వెళ్తున్నాయి, రాజీనామాలు ఎవరు చేస్తున్నారు, ఆరు నెలలకోసారి వరసగా రాసి పైవాళ్ల ముందు పెట్టండి.

వినపడని ఆయన కోసం మేం చేసినవి చాలా చిన్నవి. ఆయన కుర్చీ మార్చాం, ఒక్కరే మాట్లాడాలని నియమం పెట్టాం, ఎజెండా ముందురోజే పంపడం మొదలుపెట్టాం. నాలుగో వారం ఆయన ఒక బడ్జెట్ లెక్కలో తప్పు చూపించారు. మేమెవరం దాన్ని గమనించలేదు.

ఇలాంటి మార్పులు రెండు నెలల్లో జారిపోతాయి, పాత కుర్చీలు పాత చోటికే చేరతాయి. అందుకే ట్రైనింగ్ తేదీతో పాటు, ఆరు వారాల తర్వాత మళ్లీ కూర్చునే తేదీని కూడా అదే మెయిల్‌లో పంపండి.