పాత గుర్రానికి కొత్త పద్ధతి: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

వానలు తగ్గి నేల ఆరగానే సొంత గుర్రం ఉన్నవాళ్ళకి ఏదో ఒక కొత్త పని మొదలుపెట్టాలనిపిస్తుంది. చేవెళ్ళ, మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో ఒకటో రెండో గుర్రాలు పెంచుకునేవాళ్ళు ఇప్పుడు కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది వయసొచ్చాక కొన్నవాళ్ళే. కొన్నాళ్ళు సాయీస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) చెప్పినట్టు ఎక్కి తిరుగుతారు. తర్వాత ఎప్పుడో ఫోన్‌లో ‘నేచురల్ హార్స్‌మన్‌షిప్’ వీడియోలు కంటపడతాయి. కొరడా ఉండదు, గుంజడం ఉండదు. తాడు కాస్త ఊపితే చాలు, గుర్రం వెనక్కి అడుగేస్తుంది. మన గుర్రానికీ ఇలాగే నేర్పాలనిపించడం సహజం.

నేర్పొచ్చు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల పశువుల క్షేత్రాల్లో టామ్ డొరెన్స్, రే హంట్ లాంటివాళ్ళు పనిచేసిన తీరులోంచి పెరిగిన పద్ధతి ఇది. అందులో సరుకుంది. ప్రమాదమంతా పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారే ఆ మధ్య రోజుల్లో ఉంటుంది. పాత సైగకు అర్థం పోతుంది, కొత్త సైగ ఇంకా తలకెక్కదు. కారులో బ్రేక్ పెడల్ చోటు మార్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినట్టుంటుంది పరిస్థితి. అందుకే కింది జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ మధ్య రోజుల గురించే.

ముందు గుర్రానికి ఏం తెలుసో కనుక్కోండి

మన దగ్గరికి గుర్రాలు చాలావరకు రెండు దారుల్లో వస్తాయి. మలక్‌పేట లాంటి రేస్‌కోర్సుల్లో పరుగు మానేసిన థరోబ్రెడ్లు ఒక రకం. పుష్కర్, సారంగ్‌ఖేడా సంతల్లో కొనితెచ్చిన మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు ఇంకో రకం. ఈ రెండింటి చదువులూ వేరు.

రేసు గుర్రానికి పగ్గాలు బిగిస్తే ఆగాలని తెలియకపోవచ్చు. జాకీ పగ్గం బిగించి పట్టుకుంటే దాని మీద ఆనుకుని పరిగెత్తడం దానికి అలవాటు. భయపడి మీరు గట్టిగా లాగిన కొద్దీ అది వేగం పెంచుతుంది. జాకీలు రికాబులు పొట్టిగా కట్టుకుని పైకి ముడుచుకుని కూర్చుంటారు కాబట్టి పొడుగు కాళ్ళు పక్కలకు తగలడం దానికి కొత్త. అది నడుస్తుండగానే ఎవరో ఒకరు జాకీ కాలు పట్టి ఎక్కిస్తారు కాబట్టి ఎక్కడానికి వేసిన స్టూలు పక్కన కదలకుండా నిలబడటమూ తెలియదు. ఎప్పుడూ ఎడమ పక్కనుంచే పట్టుకుని ఉంటారు. ఒక్కసారిగా మీరు కుడి పక్కకు వెళ్ళి తాడు ఊపితే అది ఎగిరిపడొచ్చు. అది పొగరు అనుకోకండి.

సంత గుర్రం సంగతి ఇంకోలా ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులకు నాట్యం నేర్పిన గుర్రాల్లో కొన్ని పగ్గం పైకి లేపగానే ముందుకాళ్ళు ఎత్తేస్తాయి. కొత్త పద్ధతిలో ‘తాడు ఎత్తి చూపు’ అన్న మొదటి పాఠం అలాంటి గుర్రం ముందు నిలబడి చేస్తే గిట్టలు మీ ముఖం ఎత్తుకి వస్తాయి. దాన్ని అమ్మినవాళ్ళు ముళ్ళ కళ్ళెం వాడి ఉంటే నోట్లో పాత గాయాలూ ఉండొచ్చు. ముళ్ళున్న కళ్ళేన్ని 1965 నాటి జంతుహింస నివారణ నిబంధనలు నిషేధించాయి, అయినా వాడుకలోంచి పూర్తిగా పోలేదు.

కాబట్టి మొదటి వారం ఏమీ నేర్పకండి. సాయీస్‌ని పక్కన పెట్టుకుని ఆపడానికి, నడిపించడానికి, తిప్పడానికి, కాలు ఎత్తించడానికి అతను ఏం చేస్తాడో, ఏం అంటాడో రాసుకోండి. వీటిలో ఆపే సైగను మాత్రం కొత్తది గట్టిపడేదాకా ముట్టుకోకండి. గుర్రం దేనికో బెదిరిన రోజు మిమ్మల్ని కాపాడేది ఆ పాత సైగే.

నొప్పి ఉంటే పాఠం ఎక్కదు

తల విదిలిస్తుంది, జీను చూడగానే చెవులు వెనక్కి పెడుతుంది, ఒక పక్కకు తిరగనంటుంది. ఇవన్నీ చెడ్డ బుద్ధులుగా కనిపిస్తాయి. చాలాసార్లు నొప్పి అయి ఉంటుంది. గుర్రాల దవడ పళ్ళు అరిగేకొద్దీ పై పళ్ళ బయటి అంచులు, కింది పళ్ళ లోపలి అంచులు పదునెక్కి బుగ్గను, నాలుకను కోస్తాయి. జీను వెన్ను మీద సరిగ్గా కూర్చోకపోతే కండ పట్టేస్తుంది. రేసు శిక్షణలో ఉన్న గుర్రాల్లో కడుపు పుండ్లు చాలా మామూలు. ఇవేవీ తాడు ఊపితే తగ్గేవి కావు. పశువైద్యుడితో పళ్ళు, వెన్ను, కాళ్ళు చూపించండి. నాడాలు కొట్టే మనిషి చేత గిట్టలు కూడా చూపించాకే పని మొదలుపెట్టండి. ధనుర్వాతం టీకా గుర్రానికీ ఉండాలి, మీకూ ఉండాలి.

వానాకాలం వెళ్ళాక ఇంకో జాగ్రత్త ఉంది. జోరీగల ద్వారా సర్రా అనే రక్తంలోని పరాన్నజీవి జబ్బు వ్యాపించే కాలం ఇది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, గుర్రం చిక్కిపోతుంది, మందకొడిగా నిలబడుతుంది. కొత్త పద్ధతి ఉత్సాహంలో ఉన్నవాళ్ళు దాన్నే ‘ఎంత నెమ్మది అయిందో’ అనుకునే ప్రమాదం ఉంది. పాఠానికి ముందు థర్మామీటర్ పెట్టడం అలవాటు చేసుకోండి. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి ఒంటివేడి సుమారు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవడం మామూలు.

ఇంకొకటి, స్వారీ తగ్గించి నేల మీద పాఠాలకు మారినప్పుడు దాణా కూడా తగ్గించాలి. ఉలవలు, ఓట్స్ పాత కొలతలోనే పోస్తూ పని సగం చేస్తే ఆ బలమంతా మీ మీదే చూపిస్తుంది. గడ్డి మాత్రం తగ్గించకండి.

వదలడం దగ్గరే అంతా ఉంది

ఈ పద్ధతులన్నిటికీ అడుగున ఉన్న సూత్రం ఒక్కటే. కొద్దిగా ఒత్తిడి పెడతారు, గుర్రం మీరు కోరిన వైపు ప్రయత్నించిన క్షణంలో వదిలేస్తారు. గుర్రానికి పాఠం అయ్యేది ఆ వదిలే క్షణమే. రెండు సెకన్లు ఆలస్యంగా వదిలితే అప్పుడు అది చేస్తున్నదే నేర్చుకుంటుంది. వెనక్కి వెళ్ళమని తాడు ఊపారు, అది తల ఎగరేసింది, మీరు జంకి ఊపడం ఆపేశారు. ఇక అది తల ఎగరేయడం నేర్చుకున్నట్టే. పెద్ద వయసులో నేర్చుకునేవాళ్ళ చేతులు ఇక్కడే తడబడతాయి, ఎందుకంటే బుర్ర సిద్ధాంతం దగ్గర ఉంటుంది, గుర్రం అప్పటికే ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. తాడుకి రెండో కొస మీ స్నేహితుడి చేతికిచ్చి, కళ్ళు మూసుకోమని, ముందు మనిషి మీద సాధన చేయండి. నవ్వులాటగా ఉంటుంది గానీ చేతికి లెక్క తెలుస్తుంది.

దీనికి తోడు చాలా వీడియోలు చెప్పని విషయం ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ ఫలితం ఇచ్చిన అలవాటు ఒక్కసారిగా పనిచేయకపోతే జంతువు మానేసే ముందు దాన్ని ఇంకా గట్టిగా చేసి చూడొచ్చు. భుజంతో నెట్టి మిమ్మల్ని పక్కకు జరిపే గుర్రానికి మీరు జరగడం మానేస్తే అది మొదట తోస్తుంది, తర్వాత కొరకడానికి చూస్తుంది. పద్ధతి పనిచేస్తున్నప్పుడే ఇలా జరుగుతుంది. ఆ దశలో వెనక్కి తగ్గితే ముదిరిన రూపమే మిగిలిపోతుంది. అందుకే ఆ ఘట్టాన్ని ఒంటరిగా, సాయంత్రం చీకటి పడుతుండగా మొదలుపెట్టొద్దు. దాటే దమ్ము, సమయం, పక్కన మనిషి ఉన్న రోజే మొదలుపెట్టండి.

ఆ పక్క మనిషి ఎవరు? చాలా ఇళ్ళలో సాయీసే. మీరు రోజుకు గంట కొత్త పద్ధతిలో పనిచేస్తే మిగతా ఇరవై మూడు గంటలూ గుర్రం అతని చేతిలో ఉంటుంది. మీరు తాడు వదులుగా పట్టుకుని నడిపిస్తారు, అతను మూతి కింద బిగించి గుంజుకుపోతాడు. గుర్రానికి తేలేది ఒక్కటే: మనిషిని బట్టి మాట మారుతుంది. అతనికి చెప్పకుండా మొదలుపెడితే పది రోజులకి ‘సార్, ఇది ఇప్పుడు నా మాట వినట్లేదు’ అంటాడు. ఆ మాట నిజమే, పైగా మేత వేసేటప్పుడు తన్నులు తినేది అతనే. అతన్ని పిలిచి కూర్చోబెట్టి, వీడియో చూపించి, ‘నీకేమనిపిస్తుంది?’ అని అడగండి. చాలామంది సాయీసులకి ఆ గుర్రం ఎప్పుడు తన్నబోతుందో మనకంటే ముందు తెలుస్తుంది. అతను వద్దన్న రోజు ఆపేయండి. అతనికీ హెల్మెట్ కొనండి.

చోటు, తాడు, ఒళ్ళు

గుండ్రటి కంచెలో గుర్రాన్ని తిప్పి తనంతట తాను మన దగ్గరికి వచ్చేలా చేయడం మాంటీ రాబర్ట్స్ ‘జాయిన్ అప్’తో లోకమంతా తెలిసింది. ఆయన ప్రదర్శనల్లో స్వారీ ఎరగని గుర్రం అరగంటలో జీను, మనిషి రెండూ ఒప్పుకుంటుంది. అది ఒక జీవితకాలం అదే పని చేసిన మనిషి చేయి. మన మొరం నేల మీద, ఇరుకు కంచెలో అరగంట పరిగెత్తిస్తే కాళ్ళ స్నాయువులు దెబ్బతింటాయి. కంచె కనీసం 15 మీటర్ల అడ్డుకొలత ఉండాలి, రాళ్ళు ఏరాలి, ముళ్ళతీగ అసలు ఉండకూడదు. నెమ్మదిగా నడిపిస్తూ చేయండి, పరుగు పెట్టించొద్దు.

సన్న తాడుతో ముడులు వేసి అల్లి, కళ్ళెం లేకుండా తలకు తొడిగే రోప్ హాల్టర్ ఈ పద్ధతికి గుర్తులాంటిది. దాంతో పాఠం చెప్పండి, కట్టేయడానికి మాత్రం వాడకండి. గుర్రం వెనక్కి గుంజితే అది తెగదు, మెడ దెబ్బతింటుంది. తాడు చేతికి చుట్టుకోవడం ఎంత అలవాటైనా మానుకోండి, మడతలు వేసి పిడికిట్లో పట్టుకోండి. చేతి తొడుగులు వేసుకోండి. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక, నుదుటి ఎదురుగా తప్ప. భుజానికి ఏటవాలుగా నిలబడటం అందుకే. గిట్టలు చూసేటప్పుడు మోకాలి మీద కూర్చోకండి, వంగి నిలబడండి.

నేల మీద పాఠాలే కదా అని హెల్మెట్ వదిలేసేవాళ్ళు చాలామంది. తన్ను తగిలేది నేల మీద ఉన్నప్పుడే. క్రికెట్, సైకిల్ హెల్మెట్లు దీనికి పనికిరావు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పగుళ్ళు కనిపించకపోయినా మార్చాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్ళకి తలదెబ్బ మరీ ప్రమాదం, డాక్టర్‌ని అడగకుండా ఈ పనిలోకి దిగొద్దు. 108కి ఫోన్ చేస్తే ఫామ్‌కి దారి ఎలా చెప్పాలో, ఏ ఆనవాలు చెప్పాలో కాగితం మీద రాసి షెడ్డులో అంటించండి.

దీపావళి వారం, గణేశ్ నిమజ్జనం రోజులు, పక్క ఫంక్షన్ హాల్లో డీజే ఉన్న రాత్రి మర్నాడు కొత్త పాఠం పెట్టుకోవద్దు. టపాసులకు అలవాటు చేస్తామని శబ్దం మధ్యలో బిగించి నిలబెట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే గుర్రం కదలడం మానేస్తుంది, భయం మాత్రం లోపలే ఉండిపోతుంది. కళ్ళు రాయిలా, మూతి బిగుసుకుని, దేనికీ స్పందించకుండా నిలబడ్డ గుర్రం నేర్చుకున్న గుర్రం కాదు. ఏదో ఒక రోజు ముందస్తు హెచ్చరిక లేకుండా బద్దలవుతుంది. శబ్దం దూరం నుంచి, తక్కువగా, అది గడ్డి తింటూ ఉండగలిగినంతలోనే అలవాటు చేయాలి.

వెనక కాళ్ళ మీద నిలువుగా లేచే గుర్రం, మనిషి మీదికి కావాలని వచ్చే గుర్రం, మగ గుర్రాల కొరుకుడు, ఇవి వీడియో చూసి చేసే పనులు కావు. అనుభవం ఉన్న శిక్షకుడికి అప్పగించండి. డబ్బు మాట్లాడే ముందు మీ గుర్రాన్ని తీసుకెళ్ళకుండా ఒక రోజు వెళ్ళి, ఆయన వేరేవాళ్ళ గుర్రంతో పనిచేస్తుంటే చూడండి. ఎప్పుడు వదులుతున్నాడో గమనించండి. గుర్రం చెమటతో తడిసి, తల దించి నిలబడ్డాక మీ వైపు తిరిగి ‘చూశారా, లొంగింది’ అంటే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.