జంప్‌సూట్ పాఠాలు - 3: విశాలమైన భుజాలు, వంపు లేని నడుము

పోయిన పాఠంలో చెప్పినట్టు భుజం, ఛాతీ, నడుము, సీటు (పిరుదుల చుట్టూ), తొడ కొలతలు రాసి పెట్టుకున్నారు కదా, ఆ కాగితం ఒకసారి తీయండి. ఛాతీకీ సీటుకీ పెద్ద తేడా లేకుండా, నడుము దగ్గర వంపు అంతంత మాత్రంగా ఉండి, భుజాలు, తొడలు దృఢంగా ఉంటే ఈ పాఠం మీ కోసమే. ఈత కొట్టేవాళ్లకీ, కబడ్డీ ఆడేవాళ్లకీ, జిమ్‌లో బరువులెత్తేవాళ్లకీ తరచూ ఇలాంటి ఒళ్లే ఉంటుంది. ఏ ఆటా ఆడకుండా పుట్టుకతోనే ఇలా ఉన్నవాళ్లూ బోలెడుమంది.

చొక్కా, ప్యాంటు కలిసి ఒకటే బట్టగా ఉండేది జంప్‌సూట్, కాబట్టి బట్టల మాటకొచ్చే ముందు ఇంకో కొలత కావాలి. కుర్తీకీ జీన్స్‌కీ దీంతో పని ఉండదు కాబట్టి మీరు అడిగి చెబితే తప్ప టైలర్ కూడా తీసుకోకపోవచ్చు. టేపు కొస మెడకీ భుజం చివరకీ మధ్యలో పెట్టి, ఛాతీ మీదుగా కిందికి దించి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసుకుని, వీపు మీదుగా మళ్లీ మొదలుపెట్టిన చోటికే తేవాలి. ఒక్కరే చేస్తే టేపు జారిపోతుంది, అక్కనో చెల్లినో పిలవండి. నిటారుగా నిలబడండి, ఊపిరి బిగబట్టొద్దు. టేపు ఒంటిని తాకాలి గానీ లాగకూడదు. సాగని బట్టైతే వచ్చిన అంకెకి 2 అంగుళాలు కలపండి. సాగే బట్టకి అంత అక్కర్లేదు.

ఇప్పుడు నచ్చిన జంప్‌సూట్‌ని బల్ల మీద పరిచి, భుజం కుట్టు నుంచి కాళ్లు కలిసే కుట్టు దాకా ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలిచి కూడండి. మీ అంకె కంటే తక్కువ వచ్చిందా, ఎంత ముద్దొచ్చినా అక్కడే వదిలేయండి. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉంటే చెయ్యెత్తినప్పుడు చొక్కా ఒక్కటే పైకి లేస్తుంది. ఇక్కడ రెండూ ఒకటే బట్ట, భుజం లేస్తే కింద కుట్టు కోసుకుపోతుంది. కండ పట్టిన వీపు, సీటు ఇంకాస్త పొడవు తినేస్తాయి. అందుకే సైజు ఎంచేటప్పుడు నడుముని చూడొద్దు. భుజానికీ ఈ చుట్టుకొలతకీ సరిపోయిన సైజు తీసుకుని, నడుము దగ్గర మిగిలిన లూజుని టైలర్ చేత తగ్గించుకోండి. లూజు తగ్గించడం సులువే, లేని పొడవుని ఏ టైలరూ తేలేడు.

ఇక కట్. నడుముకి వంపు బట్టే తేవాలి. ముందు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మడిచి కట్టే ర్యాప్ మోడల్ ఈ పని అన్నిటికంటే బాగా చేస్తుంది. బెల్టు అయితే పక్కకి వంగినప్పుడు ఒంట్లో మడత పడే చోటే రావాలి. అంతకు కిందికి జారితే నడుము ఇంకా తిన్నగా కనిపిస్తుంది. అదే బట్టతో కుట్టిన సన్నటి నాడా చాలు. బిగించి కడితే పైన బట్ట ఉబ్బుతుంది.

మెడ విషయంలో రెండు దారులు. భుజాలు కాస్త సన్నగా కనిపించాలంటే లోతైన వీ నెక్ మంచిది. పఫ్ చేతులు, భుజం నుంచి భుజం దాకా అడ్డంగా సాగే బోట్ నెక్ వద్దు. భుజాలే మీ అందం అనుకుంటే హాల్టర్ (మెడ వెనక కట్టి, భుజాలు కనిపించేలా వదిలేసే మోడల్) వేసుకోండి. నన్నడిగితే రెండో దారికే నా ఓటు. కష్టపడి తెచ్చుకున్న కండని దాచడం ఎందుకు?

కాళ్లకి వైడ్ లెగ్ (పైనుంచి కింది దాకా వెడల్పుగా ఉండేది) లేదా బూట్‌కట్ (మోకాలి కింద నుంచి కాస్త వెడల్పయ్యేది). చీలమండ దగ్గర బిగిసే మోడల్ వేస్తే పై భాగమే బరువుగా కనిపిస్తుంది. పిక్క లావుగా ఉన్నచోట ఆగిపోయే పొట్టి మోడల్ జోలికీ పోవద్దు. పక్క జేబులు నోరు తెరుచుకున్నాయంటే సీటు, తొడ దగ్గర బిగుతు ఉన్నట్టే.

పోచంపల్లి ఇక్కత్‌తో గానీ మంగళగిరి కాటన్‌తో గానీ కుట్టించాలనుకుంటే బట్టని ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. కుట్టాక కుంచించుకుంటే మొదట పోయేది ఆ 2 అంగుళాలే. పెద్ద డిజైన్ భుజాల మీద కాకుండా కాళ్ల వైపు వచ్చేలా కత్తిరించమని టైలర్‌కి ముందే చెప్పండి.

ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి ఊరుకోకండి. రెండు చేతులూ పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, కుర్చీలో కూర్చుని ముందుకి వంగండి. తర్వాత సాయం లేకుండా మీరే విప్పి మళ్లీ వేసుకోండి. వెనక జిప్పు అందకపోతే పెళ్లి హాల్లో బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు టెన్షన్ తప్పదు. ముందు బటన్లో, పక్క జిప్పో ఉన్నది చూసుకోండి.

హోంవర్క్: మీ చుట్టుకొలత తీసి, 2 అంగుళాలు కలిపి ఫోన్‌లో రాసుకోండి. ఈ వారం ఏదైనా షాపులో 3 జంప్‌సూట్లు కొలిచి చూడండి, కొననక్కర్లేదు. వచ్చే పాఠంలో చెప్పులు, పొట్టి జాకెట్లు, చెవులకి ఏం పెట్టుకోవాలో చూద్దాం. వైడ్ లెగ్ కొన్నవాళ్లు అప్పటిదాకా కింద అంచు కత్తిరించకండి, ఏ చెప్పులతో వేస్తారో తేలాకే ఆ పొడవు తేలుతుంది.